మూడో వద్దు

మా ఆయన గోపాలరాజుగారు ముప్పై ఏళ్ళు చేపల చెరువులు చేశారు. నీటి సంఘంలో పెద్దరికం చేశారు. ఒకసారి సర్పంచ్‌గా నిలబడి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇవేవీ ఊళ్ళో ఎవరికీ గుర్తులేవు. ఇప్పటికీ నేను భీమవరం బస్సెక్కితే పక్కసీటావిడ "మీరు బూరెల రాజుగారి భార్య కదండీ?" అంటుంది. ఆ మాట వింటే మొదట్లో చిర్రెత్తుకొచ్చేది. ఇప్పుడు "అవునండి" అని సర్దుకుని కూర్చుంటాను.

ఎవరింట్లో శుభకార్యమైనా పంక్తిలోకి నేతిగిన్నె పట్టుకుని ఆయన దిగాల్సిందే. మా వైపు విస్తరి ముందు కూర్చున్న మనిషి "వద్దండి" అంటే దానికి పెద్దగా విలువ ఉండదు. మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు పక్కవాడు చూస్తున్నాడని. మూడోసారి అడిగితే "మీరింతగా అంటుంటే ఎలా కాదంటామండి" అని చెయ్యి తీసేస్తారు. ఆ మూడోసారి అడిగే ఓపిక లేనివాడు వడ్డనకి రాకూడదని మా ఆయన సిద్ధాంతం.

"నిజంగానే కడుపు నిండినవాడికి పెడితే పాపం కాదా అండి?" అని ఒకసారి నిలదీశాను.

"నోరు చూడకూడదు రత్నం. విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి చూడాలి. వేళ్ళు దగ్గరగా ఉంటే నిజంగా చాలని. అప్పుడు మళ్ళీ అడగకూడదు. వేళ్ళ మధ్య సందుందనుకో, ఇంకా చోటుందని."

ఈ విద్యకి నేనే సాక్ష్యం. కాపరానికొచ్చిన మొదటిరోజు మా అత్తగారు గారెలు వెయ్యబోతే సిగ్గుతో వద్దన్నాను. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కళ్ళు తిరుగుతున్నాయి. ఆవిడ నిజమనుకుని వెళ్ళిపోతుంటే గుమ్మంలోంచి "అమ్మా, ఆవిడ వేళ్ళు చూడండి" అని మా ఆయన గొంతు వినబడింది. ఆ పూట నాలుగు గారెలు తిన్నాను. పెళ్ళిపీటల మీద సరిగ్గా చూడని మొహాన్ని నాలుగో గారె తింటూ తీరిగ్గా చూశాను. ఫరవాలేదు, బాగానే ఉన్నారనుకున్నాను.

ఇక లక్ష్మీనరసింహం మాస్టారి గురించి చెప్పాలి. మా ఊరి హైస్కూలుకి లెక్కలు చెప్పడానికి బదిలీ మీద వచ్చారు, ఇక్కడే స్థిరపడిపోయారు. అంత మొహమాటస్తుణ్ణి నేను చూడలేదు. దాహమేసినా మంచినీళ్ళు అడగరు. అటువంటి మనిషిని మా ఆయన చేతికి అప్పగించాడు దేవుడు. నలభై ఏళ్ళ స్నేహంలో "రాజుగారూ", "మాస్టారూ" అనే పిలుచుకున్నారు. ఏ విందుకెళ్ళినా వీళ్ళిద్దరి మధ్య ఇదే వరస. ఆయన వద్దనడం, ఈయన పెట్టడం, పంక్తంతా చూసి నవ్వడం. ఒకసారి పట్టిసీమ వెళ్ళినప్పుడు ఇసుకలో భోజనాలకి కూర్చుంటే, మాస్టారు పగతీర్చుకోవాలని మొదటే "పెట్టండి" అన్నారు. మా ఆయన దిగాలుపడిపోయారు. "సరిగ్గా వద్దనండి మాస్టారూ! ఇలాగైతే పెట్టబుద్ధి కాదండి."

ఎన్నికల్లో ఓడిపోయిన రోజైతే మరీను. గెలుస్తారని రెండు బేసిన్ల బూరెలు వండించి ఉంచాం. ఫలితం తెలియగానే వచ్చినవాళ్ళంతా చావు కబురు విన్నట్టు అరుగు మీద చతికిలబడ్డారు. ఈయన మాత్రం పళ్ళెం పట్టుకుని బయటికొచ్చి, "ఓట్లు అడిగితే వెయ్యలేదు, బూరెలు అడక్కుండానే వేస్తున్నాను" అన్నారు. మాస్టారు ఆ రోజు తక్కువపడ్డ ఓటుకొక్కటి చొప్పున పదకొండు బూరెలు తిన్నారు. రాత్రికి వాము నీళ్ళు నేనే పంపించాను.

ఆఖరికి కాకినాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే. అమ్మాయి తెచ్చిన కాజాల పొట్లం చూపించి "మీరొకటి తీసుకోండి డాక్టరుగారూ" అన్నారు. ఆ డాక్టరమ్మ రెండుసార్లు వద్దంది. మూడోసారికి తీసుకుంది. మా ఆయన నావైపు తిరిగి కన్నుకొట్టారు. మూడోరోజు వెళ్ళిపోయారు. నాకు ఆయన్ని తలుచుకుంటే ఏడుపుకంటే ముందు ఆ కన్నుకొట్టడమే గుర్తొస్తుంది, ఏం చెయ్యను?

ఏడాది గడిచింది. ఒకరోజు మాస్టారి భార్య సీతారామలక్ష్మిగారు ఫోన్ చేశారు.

"వదినగారూ, మీ అన్నయ్యగారు పెళ్ళిభోజనానికి వెళ్ళొచ్చి ఇంట్లో పెరుగన్నం తింటున్నారండి."

"అదేంటండి? వంటలు బాగోలేదా?"

"బాగానే ఉంటున్నాయట. ఈయన వద్దంటారు. వాళ్ళు సరే అని ముందుకెళ్ళిపోతారు. ఇంకెవరూ రెండోసారి అడగట్లేదండి. ఈ ఏడాదిలో నాలుగు కేజీలు తగ్గారు!"

నేను పడీపడీ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసులో గుచ్చుకుంది. వచ్చే నెలలో మనవరాలు శ్రీసత్య అన్నప్రాశన మా ఇంట్లోనే. ఆయన పోయాక ఇంట్లో మొదటి పంక్తి. అందులోంచి కూడా మాస్టారు అర్ధాకలితో లేచి వెళితే, మా ఆయన నిజంగానే ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టు. అది మాత్రం జరగనివ్వకూడదనుకున్నాను. నా సంగతంటారా, ఒక్క మనిషికి ఏం వండుకుంటాం, చారు, పచ్చడి. ఈమధ్య పెద్దగా ఆకలీ వెయ్యట్లేదు. వయసు మీద పడింది కదా.

మా అమ్మాయి మంజుష కాకినాడ నుంచే ఫోన్లో కేటరింగ్ మాట్లాడేసింది. బఫే అంది. కుదరదన్నాను. చివరికి టేబుళ్ళ మీద అరిటాకులు వెయ్యడానికి ఒప్పుకుంది. కేటరింగ్ సురేష్‌బాబు వచ్చి, "మావాళ్ళు ఒకసారి అడుగుతారు మేడం, వద్దంటే వదిలేస్తారు. వేస్టేజీ ఉండదు" అని గొప్పగా చెప్పాడు. అతన్ని ఏమన్నా ప్రయోజనం లేదు. ఈ కాలంలో మనిషి మాట నమ్మడం కూడా ఒక పద్ధతి అయిపోయింది.

పంక్తి విచారించే పని మా మరిది పల్లంరాజుకి అప్పగించారు. మగవాళ్ళ పంక్తిలోకి ఆడవాళ్ళం వెళ్ళే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మరిది ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో అందరికీ దణ్ణాలు పెడుతూ చెరువుగట్టు మీద నడిచినట్టు నడిచాడు. కేటరింగ్ మనిషి మాస్టారి దగ్గరాగి "బూరె సార్?" అన్నాడు. మాస్టారు వద్దన్నారు. అతను ముందుకెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. బూరెల పళ్ళెం ఒక చేత్తో, నేతిగిన్నె ఇంకో చేత్తో పట్టుకున్నాను.

"అమ్మా, మా అత్తగారివాళ్ళు చూస్తున్నారు" అంది మంజుష.

"చూడనీ. మీ నాన్నగారి పని ఇలా తగలేస్తుంటే నేను చూడలేను."

నేను రావడం చూసి పంక్తిలో మాటలు ఆగిపోయాయి. తిన్నగా మాస్టారి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, ఒక్క బూరె."

"వద్దు చెల్లెమ్మా" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు.

చెయ్యి చూశాను. వేళ్ళు దగ్గరగా, సందన్నది లేకుండా బిగించి ఉన్నాయి.

"రాజుగారు అడగాలమ్మా" అన్నారు తలెత్తకుండా. "ఇంకెవరు పెట్టినా గొంతు దిగట్లేదు."

"వేళ్ళు మూసుకున్నాక మళ్ళీ అడక్కూడదని మా ఆయన నియమం. కాబట్టి అడగను" అన్నాను. "కానీ నిలబడకూడదని ఆయన చెప్పలేదు. నిలబడతాను."

నిలబడ్డాను. మాస్టారు లేవకుండా ఆ వరసలో ఎవరూ లెయ్యలేరు. రెండో పంక్తివాళ్ళు అప్పటికే కుర్చీల వెనక చేరిపోయారు. ఎవరో "మాస్టారూ, తినెయ్యండి, వెనకవాళ్ళు మా మెడ మీద ఊపిరి వదులుతున్నారు" అన్నారు.

"ఏంటమ్మా, వేళ్ళంటున్నావు?" అన్నారు మాస్టారు.

చెప్పాను. ఆయన నోరు తెరిచి నావైపు చూశారు. "నలభై ఏళ్ళు పక్కనే ఉన్నాను, ఈ కిటుకు నాకు చెప్పలేదే!"

"చెబితే మీరు వేళ్ళు మూసుకునేవారు. అప్పుడా పదకొండు బూరెలు ఎవరు తినేవారండి?"

ఆయన పెదవులు అదిరాయి. ఏడుస్తారేమో అనుకున్నాను. "పదకొండు కాదమ్మా" అన్నారు. "పన్నెండు. రీకౌంటింగ్ అడుగుదామని ఇంకోటి పెట్టారు."

నాకే తెలియని బూరె అది! పంక్తంతా ఘొల్లుమంది. మాస్టారికి నవ్వుతో కళ్ళనీళ్ళు వచ్చాయి. నవ్వుతూ చెయ్యి బిగించి ఉంచడం ఎవరికీ చేతకాదు. వేళ్ళు విడిపోయాయి. బూరె వేసేశాను. "చిల్లు పెట్టండి, నెయ్యి వస్తోంది" అన్నాను. అచ్చం మా ఆయన గొంతులాగే వచ్చిందని తర్వాత మరిది అన్నాడు. మాస్టారు ఆ పూట అయిదు తిన్నారు. మిగిలినవాళ్ళు కూడా, మూడోసారి అడగ్గానే, బుద్ధిగా చేతులు తీసేశారు. సురేష్‌బాబుకి బూరెలు చాలక గారెలతో సర్దాల్సి వచ్చింది.

అందరివీ అయ్యాక ఆఖరి పంక్తిలో కూర్చున్నాను. నాకోసం మంజుష దాచిన రెండు బూరెలు పళ్ళెంలో ఉన్నాయి. కేటరింగ్ మనిషి తెచ్చి "మేడం?" అన్నాడు. చాలన్నాను. వెళ్ళిపోయాడు.

ఆ పళ్ళేన్ని అతని చేతిలోంచి తీసుకుని మాస్టారు వచ్చారు. జన్మలో ఎవరికీ వడ్డించని మనిషి. నేతిగిన్నె వంకరగా పట్టుకున్నారు, పంచె మీద రెండు చుక్కలు కూడా పడ్డాయి.

"ఒక్కటి చెల్లెమ్మా."

"వద్దన్నయ్యగారూ. ఈమధ్య తిండి తగ్గిందండి."

"ఒక్కటేనమ్మా."

"నిజంగా వద్దండి" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఆయన కదల్లేదు. నా మొహంకేసి చూడటం లేదు. ఆయన చూస్తున్నవైపే నేనూ చూశాను.

నా వేళ్ళు బార్లా విడిపోయి ఉన్నాయి.

ఏడాదిగా నాకు ఆకలేస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. మాస్టారు మూడోసారి అడిగారు. చెయ్యి తీసేశాను.