దిబ్బ మీద గడ్డి

సువార్తరాజుకు ఆ సరస్సు ఒడ్డున రెండు పేర్లు. టౌన్ ఆఫీసువాళ్ళు రాజ్ అంటారు. ఎండాకాలం వస్తే గ్వెల్ఫ్ నుంచీ కేంబ్రిడ్జ్ నుంచీ కార్లకు కార్లు దిగే తెలుగు స్టూడెంట్లు మాత్రం వెనకాల గడ్డిరాజు అంటారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పడితే పడనీ అనుకున్నాడు.

నిజానికి ఆయన ఉద్యోగమే గడ్డికి కాపలా. హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి కౌన్సిల్ తన బీచ్ కోసం ఒక బైలా రాసుకుంది. ఇసుక దిబ్బలు ఎక్కకూడదు. చెక్కబాట దిగకూడదు. దిబ్బల మీద పెరిగే గడ్డి ఒక్క పరక కూడా పీకకూడదు. కేంబ్రిడ్జ్ వేర్‌హౌస్‌లో పన్నెండేళ్ళు పెట్టెలు మోసి నడుం పడిపోయాక, యాభై రెండో ఏట సువార్తరాజు ఆ బైలాను అమలు చేసే ఆఫీసరుగా చేరాడు. ఆకుపచ్చ చొక్కా, జేబులో జరిమానా టికెట్ల పుస్తకం, దిబ్బల చుట్టూ కట్టిన పసుపుపచ్చ తాడు. అదే ఆయన రాజ్యం.

"అంకుల్, ఈ గడ్డికి మా ఊళ్ళో గేదె కూడా మూతి పెట్టదు. దీనికి మీరు ఎండలో నిలబడి కాపలానా?" అనేవాడు ఒకడు.

"గేదె పెట్టదు గానీ సరస్సు పెడుతుందిరా మూతి. ముందు తాడు ఇవతలికి రా."

ఊరికే అనేవాడు కాదు. బాపట్ల అవతల ఆయన పుట్టిన ఊరికీ సముద్రానికీ మధ్య తాటిచెట్టంత దిబ్బలుండేవి. ఆయన కాలేజీలో ఉండగా లారీలు వచ్చి రెండేళ్ళలో వాటిని నేలమట్టం చేశాయి. ఆ తర్వాత వచ్చిన తుఫానుకు ఉప్పునీళ్ళు గుడిలో ప్రసంగపీఠం దాకా వచ్చి, పెద్ద బైబిలు తడిసి ముద్దయింది. ఇసుకను పట్టి ఉంచేది గడ్డి, ఊరిని పట్టి ఉంచేది ఇసుక. ఈ సంగతి ఆయనకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అందుకే చర్చి పిక్నిక్‌లో పిల్లలు అట్టముక్కల మీద దిబ్బ నుంచి జారుతుంటే, తన సొంత పాస్టరుగారికే టికెట్ రాసిచ్చాడు. అయ్యగారు ఆరు నెలలు ప్రార్థనలో ఈయన పేరెత్తలేదు.

రెండువేల ఇరవై రెండు జులై. విమానాలకు విమానాలు స్టూడెంట్లు దిగుతున్న ఏడాది. ఒక శనివారం పొద్దున బీచ్ ఉత్తరపు కొసన, అన్నిటికన్నా ఎత్తయిన దిబ్బ మీదికి ఒక కుర్రాడు ఫోను చేతిలో పట్టుకుని ఎక్కుతున్నాడు. తాడు దాటేశాడు. గడ్డి తొక్కుతున్నాడు. ముఖం చూడగానే మనవాడని తెలిసి సువార్తరాజు తెలుగులోనే కేకేశాడు.

"ఏయ్ బాబూ! దిగు! దిబ్బ మీద కాదు, అంత సరదాగా ఉంటే పోయి నీళ్ళలో ఆడుకో!"

కుర్రాడు నవ్వి చెయ్యెత్తాడు. "సారీ అంకుల్!" అని పరుగున దిగిపోయాడు.

గంట గడిచేసరికి గాలి ఒడ్డు నుంచి సరస్సు లోపలికి తిరిగింది. గాలిట్యూబు మీద పడుకున్న ఆ కుర్రాణ్ణి చూస్తుండగానే లోతుకు లాక్కుపోయింది. ట్యూబు దొరికింది. మనిషి దొరకలేదు. పోలీసు పడవలు పదకొండు రోజులు వెతికి ఆపేశాయి. పేరు క్రిస్టో. చీరాల దగ్గరి పిల్లవాడు, గ్వెల్ఫ్‌లో చదువు, వయసు ఇరవై మూడు. తల్లికి ఒక్కడే.

పోలీసులు అడిగినవన్నీ సువార్తరాజు చెప్పాడు. నీళ్ళలోకి పొమ్మన్నది నేనేనని మాత్రం చెప్పలేదు. వాళ్ళు అడగనూ లేదు.

ఆగస్టులో క్రిస్టో స్నేహితులు వచ్చి ఆ ఎత్తయిన దిబ్బ మీద ఒక చెక్క సిలువ పాతి వెళ్ళారు. బైలా ప్రకారం అదే రోజు పీకేయాలి. సువార్తరాజు దాని దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ కదిలిపోకుండా ఇంకో జానెడు లోతుకు దిగగొట్టి వచ్చాడు.

మరుసటేడు వసంతానికి గానీ తల్లికి విజిటర్ వీసా రాలేదు. బాలకుమారి గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున క్రిస్టో రూమ్మేట్ రోహిత్ ఆమెను కారులో తీసుకొచ్చాడు. తెల్లచీర మీద ఎవరిదో మోకాళ్ళ దాకా వచ్చే జాకెట్టు. చేతిలో కొవ్వొత్తుల ప్యాకెట్టు, ఒక పూలదండ.

"వందనాలమ్మా," అన్నాడు సువార్తరాజు.

ఆ గొంతు విని ఆమె ఆగిపోయింది. ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. "వందనాలు అన్నయ్యగారూ," అంది చివరికి.

ఆయన పసుపుపచ్చ తాడు పైకెత్తి పట్టుకున్నాడు. ఆరేళ్ళలో ఎవరికోసమూ ఎత్తని తాడు. ఆమె వంగి దాటింది.

సిలువ చుట్టూ గడ్డి మోకాలెత్తున ఉంది. పైన నిరుటి ఎండు పరకలు, మొదట్లో పచ్చటి మొలకలు. బాలకుమారి అది చూసి అక్కడే కూలబడిపోయింది.

"ఎవరూ లేనివాడి సమాధిలా వదిలేశారేంటి నాయనా! గడ్డి మొలిచిపోయిందే నా బిడ్డ మీద!"

వాళ్ళ వైపు అది మామూలు ఏడుపు కాదు. ఈస్టర్‌కు నాలుగు రోజుల ముందే సమాధుల తోటకు చేరి, గడ్డి వేళ్ళతో సహా పెరికి, సమాధులకు సున్నం వేస్తారు. పండుగ తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగిస్తారు. గడ్డి మొలిచిన సమాధి కనిపిస్తే, పాపం దీనికి ఎవరూ లేరు కామోసని పక్కవాళ్ళు జాలిపడతారు. ఆ జాలి పొందడం కన్నా సిగ్గు ఇంకోటి లేదు. సువార్తరాజు కూడా ప్రతి ఈస్టర్‌కూ వాళ్ళ నాన్న సమాధి మీద గడ్డి పీకుతూ పెరిగినవాడే.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పీకడం మొదలుపెట్టింది.

వద్దమ్మా అనాలి. నోరు తెరిచాడు. ఈ గడ్డి వేరు, దీని సంగతి వేరు అని చెప్పాలి. పీకితే దిబ్బ ఉండదని చెప్పాలి. ఎక్కడికి పొమ్మంటావు ఈమెను? ఒకసారి ఆమె కొడుకును ఈ దిబ్బ మీద నుంచే పొమ్మన్నావు కదా! ఆ మాట లోపల తగలగానే తెరిచిన నోరు మూతపడింది. ఆమె పక్కన తనూ కూర్చున్నాడు.

"సార్, ఇది... మీరే కదా సార్ రూల్..." అన్నాడు రోహిత్ వెనకనుంచి.

"నువ్వు ఆ కొవ్వొత్తులకు గాలి అడ్డుపెట్టు," అన్నాడు.

వేళ్ళు తెల్లగా, మోకుల్లా, లాగిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. పరకల అంచులు బ్లేడుల్లా ఉన్నాయి. ఇద్దరి అరచేతులూ కోసుకుపోయాయి. ఒక గదంత మేర శుభ్రమయ్యాక బాలకుమారి ఒడ్డు నుంచి గులకరాళ్ళు ఏరితెప్పించి చుట్టూ పేర్చింది. ఇసుకను చేత్తో సమం చేసింది. ఆమె పాట పాడితే సువార్తరాజు గొంతు కలిపాడు. రోహిత్‌కు ఆ పాటలు రావు. వాడు జాకెట్టు విప్పి కొవ్వొత్తుల చుట్టూ పట్టుకుని, చలికి వణుకుతూ నిలబడ్డాడు.

వెళ్ళేముందు ఆమె అంది: "శవం ఇంటికి రాలేదు. మట్టి వేసిన చోటు లేదు. నాకు ఉన్నది ఈ కాస్త చోటే అన్నయ్యగారూ. నెలకోసారి గడ్డి తీయించండి."

"నేనే తీస్తానమ్మా," అన్నాడు.

తీశాడు. ఆ వేసవంతా మిగతా దిబ్బల మీద కాలు పెట్టినవాళ్ళకు టికెట్లు రాస్తూనే, నెలకోసారి పొద్దున్నే వచ్చి ఆ దిబ్బ మీద మొలిచిన ప్రతి పరకా పీకాడు. వీడియో కాల్ చేసి బాలకుమారికి చూపించేవాడు. "శుభ్రంగా ఉందా అన్నయ్యా?" అని ఆమె అడిగేది. "శుభ్రంగా ఉందమ్మా."

క్రిస్టో పుట్టినరోజుకు ముప్పైమంది స్టూడెంట్లు వచ్చారు. స్కార్‌బరో అంత దూరం నుంచి కూడా వచ్చారు. వర్ధంతికి ఇంకా ఎక్కువమంది వచ్చారు. అందరూ ఒకే దారిన ఎక్కారు, అదే దారిన దిగారు. ఆ దారి తెల్లటి పాపిడిలా పడింది. సెప్టెంబరుకు సిలువ చుట్టూ ఇసుక గిన్నెలా పల్లమైంది. గాలి వీచినప్పుడల్లా ఆ గిన్నెలోంచి ఇసుక పొగలా లేచి రోడ్డు వైపు పోయేది. సువార్తరాజు చూస్తూనే ఉన్నాడు.

ఒక రోజు మార్జొరీ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలావిడ. ఆ దిబ్బల మీద ఇరవై ఏళ్ళుగా చేత్తో గడ్డి నాటిన మనిషి. కౌన్సిల్ మీటింగులకు పదే పదే వెళ్ళి కూర్చుని ఆ బైలా రాయించింది కూడా ఆవిడే. గిన్నె అంచున నిలబడి లోపలికి చూసింది.

"ఎవరి పని రాజ్ ఇది?"

"ఆ పిల్లవాడి తల్లిది. ఈస్టర్‌కు వచ్చినప్పుడు."

"వేసవంతా ఆవిడ ఇక్కడే ఉందా?"

మార్జొరీ ఆయన చేతుల వైపు చూసింది.

"సిలువను నేనేమీ అనను. ఆఫీసులోనూ చెప్పను. గడ్డిని మాత్రం రానివ్వు. ఆ తల్లికి విడమరచి చెప్పు. రెండు వాక్యాల పని."

ఆ సాయంత్రం ఆయన చెప్పాలనే ఫోన్ చేశాడు. బాలకుమారి డ్యూటీకి పోతూ ఎత్తింది. "ఈ నెల తీశారా అన్నయ్యా?" అంది. "తీశానమ్మా," అన్నాడు. అంతవరకు తీయలేదు. మర్నాడు వెళ్ళి తీశాడు.

నవంబరులో పడమటి గాలి మూడు రోజులు కొట్టింది. మొదటి రోజు గిన్నె వెనకగోడ కూలింది. రెండో రోజు అలలు దిబ్బ పాదం తిన్నాయి. మూడో రోజు తెల్లారేసరికి దిబ్బ మధ్యలో లారీ పట్టేంత గండి. అందులోంచి నీళ్ళు వెనక ఉన్న దేవదారు చెట్ల దాకా, కార్లు పెట్టే చోటు దాకా వచ్చి, ఇసుక మేటవేసి పోయాయి. తాడు కట్టి కాపాడిన మిగతా దిబ్బలన్నీ నిలబడే ఉన్నాయి. సువార్తరాజు రెండు రోజులు పార పట్టుకుని వెతికాడు. సిలువ దొరకలేదు. గులకరాయి ఒక్కటి కూడా దొరకలేదు.

టౌన్ ఆఫీసు రిపోర్టులో జనం తొక్కడం వల్ల అని రాసుకున్నారు. సువార్తరాజు తనే వెళ్ళి చెప్పాడు. "కాళ్ళు కాదు. చేతులు. నావే." మంచిమాటలతోనే ఉద్యోగంలోంచి తీసేశారు. టికెట్ల పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చాడు.

మరుసటేడు ఈస్టర్ మార్చి ఆఖరుకే వచ్చేసింది. ఆ తెల్లవారుజామున బాలకుమారి ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన ఎత్తలేదు. శీతాకాలమంతా అలాగే, పని ఉందమ్మా, మంచు పడుతోందమ్మా అంటూ దాటేశాడు.

ఏప్రిల్‌లో గండి పూడ్చి గడ్డి నాటే రోజున మార్జొరీ మనుషులతో పాటు ఆయనా వెళ్ళాడు. ఆకుపచ్చ చొక్కా లేదు. తాడు అవతల కాలు పెట్టడానికి ఇప్పుడు ఆయనకూ మార్జొరీ అనుమతి కావాలి. జానెడున్నర ఎడంలో కన్నం చేయడం, రెండు పరకలు పెట్టడం, మడమతో అదమడం. పది గంటలప్పుడు జేబులో ఫోన్ మోగింది. అక్కడ రాత్రి ఏడున్నర. ఈసారి ఎత్తాడు.

"సిలువ చూపించండి అన్నయ్యగారూ," అంది ఆమె, వందనాలు కూడా చెప్పకుండా.

"సిలువ లేదమ్మా." ఇసుకలో కూర్చున్నాడు. "దిబ్బే పోయింది. గడ్డి పీకడం వల్ల పోయింది. పీకితే పోతుందని నాకు తెలుసు. మీకు చెప్పలేకపోయాను. ఇంకొకటి కూడా చెప్పలేదమ్మా. ఆ రోజు మీ అబ్బాయిని దిబ్బ దిగి నీళ్ళలోకి పొమ్మన్నది నేనే."

తెరమీద ఆమె ముఖం కదల్లేదు. లైను తెగిందేమో అనుకున్నాడు.

"నాకు తెలుసు," అంది.

ఆయన ఫోన్ రెండు చేతులా పట్టుకున్నాడు.

"వాడు నాతోనే వీడియోలో ఉన్నాడు. అమ్మా, ఇది సముద్రం కాదు సరస్సట, పైకెక్కి మొత్తం చూపిస్తానుండు అన్నాడు. మీ కేక నాకూ వినబడింది. ఎవరో మన తెలుగాయన తిడుతున్నాడమ్మా, మళ్ళీ చేస్తా అని పెట్టేశాడు. నిరుడు మీరు వందనాలు అనగానే గుర్తుపట్టాను. ఆ గొంతు కోసమే వచ్చాను నేను. అడగాలనే వచ్చాను."

"అడగలేదేమమ్మా?"

"తాడు ఎత్తారు. నా పక్కన కూర్చుని గడ్డి పీకారు. చేతులనిండా రక్తం. ఇంకేం అడగను?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మాదీ సముద్రపు ఊరే అన్నయ్యా. దిబ్బ పోతే ఏమవుతుందో నాకు తెలియదా? నా బిడ్డ సమాధి అనుకునేసరికి కళ్ళు మూసుకుపోయాయి. ఇప్పుడేం చేస్తున్నారక్కడ?"

"గడ్డి నాటుతున్నాం."

"చూపించండి."

ఆయన ఫోన్ తిప్పాడు. గాలికి వంగి లేస్తున్న చిన్న చిన్న పరకలు, వరసలు వరసలుగా, నీళ్ళ అంచు దాకా. ఏది క్రిస్టో చోటో చెప్పే గుర్తేమీ లేదు. తెర ఇటు తిప్పుకునేసరికి ఆమె తల వంచుకుని ఉంది.

"వచ్చే ఈస్టర్‌కు రండమ్మా," అన్నాడు. "అప్పటికి బాగా మొలుస్తుంది."

"రాను అన్నయ్యా," అంది బాలకుమారి. "వస్తే చెయ్యి ఊరుకోదు."

ఫోన్ పెట్టేశాక మార్జొరీ ఇంకో గడ్డికట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కన్నం చేసి రెండు పరకలు పెట్టాడు. అదమడానికి మడమ ఎత్తినవాడు ఆగి, వంగి, ఆ ఒక్కదాన్ని చేత్తో అదిమాడు.