మూడో నంబరు చెరువులో ఆకాశం

షీబా టీచరు రోజూ పొద్దున్నే బందరులో గుడివాడ పాసింజరు ఎక్కుతుంది. ఒక భుజాన క్యారేజీ సంచి, రెండో భుజాన వల సంచిలో ఆరు ఫుట్‌బాళ్ళు. "వీటికి టిక్కెట్టేదమ్మా?" అని అడగడం టీసీ గారికి అలవాటు. "ఐదేళ్ళలోపు పిల్లలండీ" అనడం ఆవిడకి అలవాటు. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఈ ఒక్క మాటే చెప్పుకుని నవ్వుకుంటున్నారు. గుడివాడలో దిగి ఆడపిల్లల స్కూలు దాకా నడిచి, ప్రేయరు బెల్లు కొట్టేలోగా బంతులకి గాలి కొట్టి ఉంచుతుంది.

సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక ఇంకో పని చేస్తుంది. గ్రౌండు మధ్యలో నిలబడి ఒక్క బంతిని బలం కొద్దీ పైకి తన్ని, అది నేలకి వచ్చేదాకా లెక్కపెడుతుంది. ఒకటీ, రెండూ, మూడూ. మూడు అనేసరికి బంతి కింద ఉంటుంది. నాలుగు అనే అవకాశం ఆవిడకి ఈ జన్మలో ఇంతవరకూ రాలేదు.

దీని వెనక ఒక కథ ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు షీబా రాష్ట్ర జట్టు సెలక్షన్లకి వెళ్ళింది. పరుగులో ఆమెని పట్టుకున్నవాళ్ళు లేరు. కానీ ఆ రోజు తన్నిన బంతులన్నీ నేలబారునే పోయాయి. సెలక్టరు గారు పుస్తకంలో ఆమె పేరుకి ఎదురుగా "బంతికి ఎత్తు లేదు" అని రాశాడు. బల్లకి ఇవతల నిలబడి, తలకిందులుగా ఉన్న ఆ మాటలు షీబా చదివేసింది. ఆ తర్వాత డ్రిల్లు టీచరయింది, పెళ్ళయింది, ఇరవై మూడేళ్ళు గడిచాయి. ఆ మూడు మాటలు మాత్రం ఆమెతోనే కాపరానికొచ్చాయి.

మొన్న చలికాలంలో స్కూలుకి కొత్త బంతులొచ్చాయి. జలంధర్ కంపెనీ వాళ్ళు వాటితో పాటు ఒక కార్డు పంపారు, మా బంతి మీద మీ అభిప్రాయం రాయండని. అందరూ "చాలా బాగుంది" అని రాసి పడేసే కార్డు అది. షీబా దానికి ఇంకో కాగితం అంటించి మరీ రాసింది. ఈ బంతి మా ఊళ్ళో మూడు లెక్కపెట్టేలోగా దిగిపోతోంది, లోపం మీ బంతిదో, మా సముద్రపు గాలిదో, నా కాలిదో తేల్చి చెప్పగలరని.

కంపెనీ వాళ్ళు తేల్చలేదు గానీ, వచ్చిన కార్డులన్నిటిలో ఆమెదే బాగుందని ఏప్రిల్లో బహుమతి ప్రకటించారు. మూడు దేశాల్లో, పదహారు ఊళ్ళలో జరిగే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు. అందులో షీబా కోరుకున్న ఏవైనా రెండు ఊళ్ళలో రెండు ఆటలు చూపిస్తారు. వీసా, విమానం, బస అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఊళ్ళ పేర్లు రెండు గళ్ళలో నింపి శనివారం సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. అంతే.

అంతే అనుకుంది షీబా. మర్నాటికి రెండు గళ్ళూ నిండిపోయాయి, ఆవిడ కలం తియ్యకుండానే.

మొదటి గడి స్కూలు కరస్పాండెంటు కాంతారావు గారు నింపారు. "ఆలోచించేదేముందండీ, డల్లాసే! మా తమ్ముడి కూతురు శ్రీజ అక్కడే ఉంది. మన గుడివాడ వాళ్ళే ఒక వార్డుకి సరిపడా ఉన్నారు. మీకసలు ఊరు మారినట్టే అనిపించదు" అన్నారు. ఊరు మారనిదానికి అంత దూరం వెళ్ళడం ఎందుకో షీబాకి అర్థం కాలేదు. అయితే జూన్‌లో స్కూలు తెరిచే రోజుల్లో సెలవు కావాలి, ఆ కాగితం మీద సంతకం ఆయనది. సాయంత్రానికల్లా శ్రీజకి పంపాల్సిన గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు రెడీ అవుతున్నాయని కబురొచ్చింది.

రెండో గడి అత్తగారు రమణమ్మ నింపింది. ఆవిడ కోడలికి చెప్పలేదు, కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెప్పింది. "ప్రభువా, నీ బిడ్డ షీబా అట్లాంటా ప్రయాణాన్ని నీ చేతికి అప్పగిస్తున్నాం. అక్కడ మన పాస్టరుగారి చెల్లెలు క్రిస్టినాకి బందరు లడ్డు క్షేమంగా చేర్చు తండ్రీ" అంది. షీబా కళ్ళు తెరిచి భర్త రాజ్ కుమార్ వంక చూసింది. అతను గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. దేవుడికి చెప్పేశాక ఇక మార్చడం ఎవరి తరం? ఆమెన్ అన్నారు.

ఈ ప్రాంతంలో పరాయి దేశం వెళ్ళేవాళ్ళ సంగతి ఎప్పుడూ ఇంతే. మనిషి ఎక్కడికెళ్ళాలో పచ్చడి జాడీ చెబుతుంది. షీబాకి కోపం రాలేదు, దిగులేసింది. పుట్టి బుద్ధెరిగాక నీకేం చూడాలనుందని ఆమెని అడిగింది ఆ జలంధర్ కాగితం ఒక్కటే. తీరా అడిగాక చూస్తే, ఏం చెప్పాలో ఆమెకీ తెలియలేదు.

"పోనీలే, ఆ రెండు ఊళ్ళలో వానలున్నాయో ఎండలున్నాయో మీ బావ చెరువులో చూసుకొద్దాం. దానికి తగ్గ బట్టలు కొనుక్కోవచ్చు" అన్నాడు రాజ్ కుమార్.

షీబాకి ప్రేమ అని ఒక అక్క ఉంది, ఆమె మొగుడు జకరయ్య. కృత్తివెన్ను దగ్గర అతనికి మూడు రొయ్యల చెరువులున్నాయి. మొదటి రెండింట్లో కృత్తివెన్ను ఆకాశమే కనబడుతుంది. మూడో దాంట్లో ఊరి పేరు చెప్పి గుప్పెడు మేత వేస్తే, రొయ్యలు తింటున్నంతసేపూ ఆ ఊరి ఆకాశం కనబడుతుంది. మేత అయిపోగానే మన ఆకాశం మనకి వచ్చేస్తుంది. హైదరాబాదులో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు వచ్చి మబ్బులు చూసుకుపోతారు. తిరుపతి వెళ్ళేవాళ్ళు స్వెట్టర్ల సంగతి తేల్చుకుపోతారు. జకరయ్యకి మాత్రం దానివల్ల విసుగే. ఆ చెరువు రొయ్యలు కూడా మిగతావాటిలాగే పెరుగుతాయి, మిగతావాటిలాగే జబ్బు పడతాయి.

శుక్రవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాలు అక్క ఇంటికెళ్ళి పడుకున్నారు. పొద్దున ఆరింటికి మేత వేళ. ఇక్కడ తెల్లారుతుంటే అక్కడ ముందురోజు సాయంత్రం కాబట్టి చూడ్డానికి అదే మంచి టైము. చెరువు గట్టు మీద జకరయ్య బకెట్టుతో సిద్ధంగా ఉన్నాడు. నీళ్ళు కదలకుండా, గాలి కోసం వాటిని చిలికే ఏరియేటర్లు ఆపించాడు.

"మూడు గుప్పెళ్ళు ఇస్తా మరదలా, అంతకుమించి అడగొద్దు. మేత మిగిలితే అడుగున కుళ్ళి నీళ్ళు పాడవుతాయి" అన్నాడు.

"రెండు చాలు బావా. ఉన్నవి రెండే గళ్ళు" అంది షీబా.

డల్లాస్ అని మొదటి గుప్పెడు వేసింది. నీళ్ళ మీద నల్లటి మబ్బులు కమ్మాయి, అడ్డంగా ఒక మెరుపు మెరిసింది. రొయ్యలు బెదిరి కాస్త ఆలస్యంగా మేతకొచ్చాయి. "గొడుగు" అన్నాడు రాజ్ కుమార్. అట్లాంటా అని రెండోది వేసింది. మసక చీకటి, రెండు చుక్కలు, ఎర్ర దీపంతో పోతున్న విమానం. "ఇది పర్లేదు" అన్నాడు. షీబాకి ఆ రెండు ఆకాశాలూ చూడగానే ఏమీ అనిపించలేదు. అలా అనిపించకపోవడమే ఆమెకి బాధగా ఉంది.

"ఇంకో గుప్పెడుంది. ఏదో ఒక ఊరి పేరు చెప్పి వేసెయ్" అన్నాడు జకరయ్య.

పదహారు పేర్లలో ఏదీ నోటికి రాలేదు. షీబా ఊరికే మేత విసిరేసింది.

పేరు చెప్పకుండా ఆ చెరువులో ఎవరూ ఎప్పుడూ మేత వెయ్యలేదు. నీళ్ళు కాసేపు ఏమీ తోచనట్టు ఉండిపోయాయి. తర్వాత మెల్లగా ఒక ఆకాశం తేలింది. వాన వెలిసినట్టుంది. నీలం చాలా లోతుగా ఉంది. ఒక అంచున సాయంత్రపు ఎండ పడుతోంది.

"ఎక్కడిదిది?" అంది షీబా.

"నాకేం తెలుసు? అడక్కపోతే దానికి తోచింది చూపిస్తుంది కాబోలు" అన్నాడు జకరయ్య.

అంతలో చెరువు మూల నుంచి ఒక బంతి పైకి లేచింది. ఏ పిల్లలు తన్నారో, ఏ వీధిలో తన్నారో కనబడదు. ఆకాశం ఒక్కటే కనబడుతుంది. షీబా పెదాలు వాటంతటవే కదిలాయి. ఒకటీ, రెండూ, మూడూ. బంతి ఇంకా వెళ్తూనే ఉంది. నాలుగూ. అది గోళీకాయంత అయి, ఒక్క క్షణం ఆగి, తిరుగుముఖం పట్టింది. ఐదు అన్నాక అంచు దాటి పోయింది.

షీబా గట్టు మీద చతికిలబడింది. బంతి పోయిన తీరు చూస్తే ఎవరో చిన్నపిల్లల తన్నే, కాలు చక్కగా తగల్లేదు కూడా. అయినా ఐదు!

"బావా, ఇంకొక్క గుప్పెడు. మళ్ళీ చూడాలి."

జకరయ్య తాడు పట్టి చెక్ ట్రే పైకి లాగాడు. రొయ్యలు మేత తిన్నదీ లేనిదీ చూసుకోవడానికి నీళ్ళలో ఉంచే పళ్ళెం అది. అడుగున కొంచెం మేత మిగిలి ఉంది. "కుదరదమ్మా. ఇదిగో చూడు, మిగిలింది. ఈ పూటకి ఇంతే" అన్నాడు. తోడబుట్టిన వాళ్ళడిగినా ఆ విషయంలో అతను వినడు.

షీబా ఫోన్ తీసి పదహారు ఊళ్ళూ ఒక్కొక్కటే వెతికింది. ఏ ఊరు ఎంత ఎత్తులో ఉంది? చాలావరకు బందరులాగే పల్లంలోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఏడు వేల అడుగుల పైన కూర్చుని ఉంది, మెక్సికో సిటీ. అక్కడ గాలి పల్చన, బంతికి అంతగా అడ్డుపడదు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆమెకి తను ఏం చూడాలనుకుంటోందో తెలిసింది.

పన్నెండింటికి గుడివాడలో కాంతారావు గారి గదిలో ఉంది.

"డల్లాస్ తీసేస్తున్నానండీ. ఆ గడిలో మెక్సికో సిటీ రాస్తున్నాను" అంది నిలబడే.

ఆయన కళ్ళజోడు తీశారు. "అక్కడ మనవాళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

"మరి పచ్చడి?"

"అట్లాంటా నుంచి శ్రీజ గారికి పార్సిల్ చేస్తానండీ."

"ఎవరూ లేని ఊరికి ఎందుకు వెళ్తారండీ మనుషులు?" అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు.

షీబా చెప్పింది. సెలక్షన్లు, పుస్తకంలో తలకిందులుగా చదివిన మాటలు, రోజూ సాయంత్రం మూడు దాకా లెక్క, పొద్దున చెరువులో ఐదు. ఎవరికీ చెప్పని మాట కరస్పాండెంటు గారికి చెబుతున్నందుకు సిగ్గేసింది. అయినా ఆపలేదు. "సెలవు ఇవ్వనంటే ప్రయాణమే మానేస్తానండీ. డల్లాస్‌కైతే మాత్రం వెళ్ళలేను" అంది చివరికి.

ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్ ఒకసారి తిప్పారు.

"ఐదేనా? సరిగ్గా లెక్కపెట్టారా?"

"పెట్టానండీ."

"మీరు తన్నితే ఎంతొస్తుందంటారు?"

"అదే చూడాలండీ."

కాంతారావు గారు సెలవు కాగితం దగ్గరికి లాక్కున్నారు. "వచ్చాక ముందు నాకు చెప్పాలి" అని సంతకం పెట్టారు. నాలుగుంపావుకి షీబా గళ్ళు నింపి పంపేసింది. ప్రార్థనలో పేరు పెట్టారు కాబట్టి అట్లాంటా జోలికి మాత్రం పోలేదు. మెక్సికో సంగతి విన్న రమణమ్మ ఆ పూట కోడలితో మాట్లాడలేదు. రాత్రి ప్రార్థనలో మాత్రం ఆ ఊరి పేరు కూడా కలిపింది, కాస్త తప్పుగా.

జూన్‌లో షీబా అట్లాంటాలో లడ్డు అప్పగించింది, పచ్చడి పార్సిల్ చేసింది, ఆట చూసింది. అక్కణ్ణుంచి మెక్సికో సిటీ చేరి ఇంటికి ఫోన్ చేసింది. "మంగళవారం పొద్దున ఆరింటికి చెరువు దగ్గర ఉండండి. ఇక్కడ పార్కులో పిల్లలు బంతి ఇస్తామన్నారు. నాకు లెక్క తప్పుతుందేమో, మీరు పెట్టండి" అంది.

మంగళవారం ఆరింటికి చెరువు గట్టు మీద చోటు లేదు. స్కూలు వ్యాన్‌లో ఫుట్‌బాల్ టీము వచ్చింది, కెప్టెన్ బ్లెస్సీ చేతిలో నోటు పుస్తకం ఉంది. వ్యాన్ ముందు సీట్లో కాంతారావు గారొచ్చారు. రమణమ్మ వాన లేకపోయినా గొడుగు తెచ్చుకుంది. జకరయ్య అందరి వంకా చూసి, "ఒక్కటే గుప్పెడు" అన్నాడు. మెక్సికో సిటీ అని వేశాడు.

అదే ఆకాశం. అదే లోతు నీలం.

బంతి లేచింది. ఎడమ పక్కకి మెలి తిరుగుతూ లేచింది. "మేడమ్‌దే!" అని అరిచింది బ్లెస్సీ. వాళ్ళ మేడమ్ బంతి అలాగే మెలి తిరుగుతుంది. అందరూ లెక్క అందుకున్నారు. ఒకటీ, రెండూ, మూడూ. నాలుగు దగ్గర పిల్లల గొంతులు పెరిగాయి. ఐదూ, ఆరూ. కాంతారావు గారు తెలియకుండానే రమణమ్మ గొడుగు పట్టుకున్నారు. ఏడూ, ఎనిమిదీ. బంతి ఆవగింజంతయింది, ఇంకా పైకే పోతోంది. తొమ్మిది అనేసరికి నీలం చెదిరి కృత్తివెన్ను ఆకాశం వచ్చేసింది. ఒక కొంగ ఎగిరిపోయింది.

జకరయ్య చెక్ ట్రే లాగి చూశాడు. మెతుకు కూడా లేదు. ఎన్నడూ లేనిది తనే బకెట్టులో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు తీశాడు. అంతలో రమణమ్మ ఫోన్ మోగింది.

"అత్తయ్యా, బంతి అటుగానీ పడిందా?" అంది షీబా రొప్పుతూ. "ఇక్కడ దిగలేదు. పిల్లలు ఇంకా పైకే చూస్తున్నారు."

రమణమ్మ చెరువంతా చూసింది. గట్లు చూసింది, పక్క రెండు చెరువులూ చూసింది. "లేదమ్మా, ఇక్కడా పడలేదు" అంది.

అవతల పరాయి భాషలో పిల్లల కేరింతలు వినబడుతున్నాయి. జకరయ్య గుప్పిట్లో మేత అలాగే ఉంది.

"అయితే అత్తయ్యా," అంది షీబా ఆఖరికి, "లోపం నా కాలిది కాదన్నమాట."