మొదటి గంటకే లేచిన మనిషి

వెనిగర్‌లో ముంచిన గుడ్డతో ఐడెల్లా నల్ల ఫోన్‌ను తుడుస్తోంది. చెవి ఆనించే చోట జిడ్డు ఇంకా పోలేదు. అది ఆమె చెవి జిడ్డే.

హార్లో జంక్షన్‌లో రైళ్లు ఆగడం మానేశాక దుకాణాల తలుపులకు చెక్కలు కొట్టేశారు. ఇప్పుడు అట్లాంటా నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఆ చెక్కలు ఊడబీకి కాఫీ హోటళ్లు పెడుతున్నారు. పాత స్టేషన్‌ను మ్యూజియం చేశారు. రేపు పొద్దున మేయరు దాన్ని తెరుస్తాడు. రైలు డ్రైవరుగా రిటైరైన ఆమె భర్త రాయిస్ మాట్లాడతాడు. వాళ్లింటి పాత ఫోన్ గాజు పెట్టెలో ఉంటుంది.

"డ్యూటీకి ఏ వేళ ఫోన్ చేసి పిలిచినా మొదటి గంటకే లేచేవాణ్ణి. ఒక్కసారీ తప్పలేదు," అని రాయిస్ చెబుతుంటే, కమిటీ నుంచి వచ్చిన పెయిటన్ అనే అమ్మాయి రాసుకుంటోంది. "మా ఆవిడంటావా, పక్కన మొద్దులా పడి ఉండేది."

పెయిటన్ నవ్వింది. "ఐడెల్లా గారూ, రేపు మీరు పాతకాలం ఏప్రన్ కట్టుకుని అందరికీ పీచ్ పళ్ల తీపి రొట్టె ముక్కలు పంచండి. చూడముచ్చటగా ఉంటుంది."

ఐడెల్లా తుడుస్తూనే ఉంది. అతను పడుకుంటే పక్కన తుపాకీ పేలినా లేవడు. ఆ రోజుల్లో డ్యూటీ ఫోన్ ఎప్పుడు మోగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆమె దాని పక్కనే కుర్చీలో కునికేది, స్నానానికి వెళ్లినా తలుపు తెరిచే ఉంచేది, చర్చికి పోవడం మానేసింది. మోగగానే ఎత్తి, "వస్తున్నాడండీ" అని చెప్పి, అతని భుజాలు పట్టి కుదిపి లేపి, బూట్లు తొడిగి పంపేది. మేకన్ ఊళ్లో తన అమ్మ పోయిందని తెలిసిన రోజు కూడా అతన్ని అలాగే కుదిపి లేపింది, వెళ్లొస్తానని అడగడానికి. "చచ్చినామె ఎక్కడికీ పోదు, బండి పోతుంది. ఫోన్ దగ్గర కూర్చో," అని అటు తిరిగి పడుకున్నాడు. ఆమె కూర్చుంది. ఆ రోజు ఫోన్ మోగనే లేదు. తర్వాత ఎప్పుడు అమ్మ సమాధి చూసొస్తానన్నా, "రాయిని చూడ్డానికి అంత పెట్రోలా?" అని నవ్వేవాడు. ఆమె ఇంతవరకూ ఆ సమాధి చూడలేదు.

పడుకోబోతూ రాయిస్ అన్నాడు: "పొద్దున్నే లేపు. మేయరు ముందు పరువు తీయకు. వింటున్నావా, మొద్దూ?"

"వింటున్నాను."

తెల్లవారాక ఐడెల్లా అతని కోటు ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. కారు తాళాలు తీసుకుంది. రాయిస్ నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. ఆ ఇంట్లో అలారం గడియారం అవసరం ఎన్నడూ పడలేదు.

అతని నిద్ర చెడకుండా, మెల్లగా, ఆమె బయటి నుంచి తలుపు వేసింది.