వదలకు, నాన్నా

ఒక బుడగ.

సన్నని ప్లాస్టిక్ గొట్టంలో, తేనెరంగు ఆయిల్ మధ్య, ఆవగింజంత బుడగ. బయటికి రావలసింది. రాలేదు. ఒక్క క్షణం ఆగింది... ఆగి, వెనక్కి పోయింది.

కారు కింద వెల్లకిలా పడుకుని ఆమె అది చూసింది.

"నాన్నా, వదిలావా?"

"లేదే."

"నిజం చెప్పు."

"పెడల్ మీదున్నది నా కాలు. నాకు తెలీదా?"

ఆమె నమ్మింది. గొట్టాన్ని కాదు — నాన్నను.

అది నిన్న సాయంత్రం.

కారు నాన్నకంటే వయసులో పెద్దది. దాని బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. ఒంట్లో బలమంతా కాలిలోకి తెస్తే తప్ప ఆగేది కాదు. నాన్న మోకాలు అరిగిపోయింది. కారు అమ్మమంటే మాత్రం అన్నం మానేసేవాడు. మెకానిక్ షెడ్డు నడిపే కూతురికి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ భయంతోనే కడ్డీలన్నీ ఊడదీసింది. గొట్టాలు వేసింది. ఆయిల్ పోసింది. మెల్లగా తొక్కినా ఆగాలని.

చివరి పని, గొట్టాల్లో గాలి తీయడం. ఇద్దరు చేసే పని. పైన ఒకరు తొక్కి పట్టాలి. కింద ఒకరు చక్రం దగ్గరి స్క్రూ వదులు చేసి, గాలి పోయాక మళ్లీ బిగించాలి. బిగించేలోపు పై కాలు లేచిందా — గాలి లోపలికే.

"తొక్కు."

"తొక్కా."

"వదలకు."

"సైకిల్ నేర్చుకున్నప్పుడూ ఇదే గోల నీది. వదలకు నాన్నా, వదలకు నాన్నా!"

"అప్పుడూ వదిలేశావు."

"అందుకేగా తొక్కడం వచ్చింది!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే... బుడగ.

తెల్లారింది. పొగమంచు. ఆమె మొహం కడుక్కుని వచ్చేసరికి షెడ్డు ఖాళీ.

వెనక చక్రానికి అడ్డం పెట్టిన చెక్క పక్కన పడి ఉంది. చేతిబ్రేకు ఇంకా అమర్చనే లేదు. కొక్కేనికి తన పాప స్కూలు బ్యాగు లేదు.

ఎదురు కొట్టు దర్జీ తల బయటికి పెట్టాడు.

"మీ నాన్న పెళ్లికొడుకులా వెళ్లాడమ్మా! మనవరాల్ని బడి దగ్గర దింపుతాడట. మా అమ్మాయి చేసిన బ్రేకు, కాలు ఆనిస్తే చాలన్నాడు."

"మోకాలు ఎలా ఉందో అడిగావా, బాబాయ్?"

"నిన్న తొక్కుతుంటే ఒకసారి పట్టేసిందట. నీకు చెప్పొద్దన్నాడులే."

అంటే, ఆ బుడగ వెనక్కి పోయినప్పుడు కాలు లేచింది.

పరుగు.

వీధి చదునే. బ్రేకుతో పనిలేదు... మలుపు దాటేదాకా. మలుపు దాటితే వాలు. వాలు కింద రైలు గేటు.

పరుగు.

గొట్టంలో గాలి ఉంటే మొదటిసారి తొక్కింది ఉత్తిదే. పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. కాలు తీయాలి. మళ్లీ తొక్కాలి. మళ్లీ, మళ్లీ. అప్పుడు పట్టుకుంటుంది. ఆమెకు తెలుసు.

నాన్నకు తెలీదు. ఆయన కాలు ఎరిగింది కడ్డీలను. ఒక్కసారి తొక్కడం, ఆగేదాకా పట్టి ఉంచడం. పైగా నిన్నంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కూతురు. వదలకు. వదలకు.

మలుపు.

కింద గేటు మూసి ఉంది. గేటు ముందు సైకిళ్లు, మనుషులు. వాళ్ల వైపే జారిపోతూ కారు. వెనక అద్దంలో చిన్న తల. చిన్న చెయ్యి — అమ్మను చూసి ఊపుతోంది.

బ్రేకు దీపం వెలిగి ఉంది. ఎర్రగా. కదలకుండా. నాన్న తొక్కాడు. తొక్కి పట్టుకున్నాడు. ఈసారి మాట పడకూడదని, మోకాలు విరిగినా సరే అని... పట్టుకునే ఉన్నాడు.

కారు ఆగడం లేదు.

"వదులు, నాన్నా! వదిలి మళ్లీ తొక్కు!"

రైలు కూత ఆ గొంతును మింగేసింది.

"వదులు నాన్నా..."

పొగమంచులో ఎర్ర దీపం చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఆవగింజంత. వెలుగుతూనే ఉంది... వెలుగుతూనే —

ఆరింది.

వదిలావా, నాన్నా?