కర్లాకట్టె పిడి

మద్దయ్య రోజూ కసరత్తుకు తిప్పే కర్లాకట్టె పిడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పులిసిన వాసన. గోటితో గీకితే తెల్లటి పొర లేచింది. చెమట చెయ్యి తగిలితే చాలు, నూనె పూసినట్టు జారుతుంది. నిన్న సాయంత్రం అలాగే జారింది. తల వెనక నుంచి తిరిగొస్తున్న కట్టె చేతిలోంచి జారి, కుడి భుజాన్ని కొట్టి, పోయి గోడకు తగిలింది.

అది ఊరికే మొయ్యడానికున్న భుజం కాదు. ఆదోని పత్తి మిల్లులో మూటలెత్తే హమాలీల గుంపుకు మద్దయ్య పెద్ద. పొద్దున్నే మొదటి మూట అతని భుజం మీదికి ఎక్కాలి, వెనక మిగతావాళ్లు కదలాలి. ఏ పొద్దున ఆ భుజం వెనకాడుతుందో ఆ పొద్దుటితో పెద్దరికం ఇంకొకడిది. మిల్లువాళ్లు కన్నీళ్లేమీ కార్చరు.

"ఏమయ్యో, ఎవరో మందు పూసినారు కట్టెకి," అంది ఇంటికొచ్చాక భార్య తిప్పమ్మ, భుజానికి వేడి ఉప్పు మూట కాపడం పెడుతూ. "నీ మీద కన్ను పడింది. ఎవరో కనుక్కో."

ఎవరో మద్దయ్యకు ముందే తెలుసు.

చోటే సాబ్ కసరత్తు నేర్పే తాలీం స్టేషన్ దారిలో ఒక రేకుల కొట్టం. మధ్యలో కుస్తీకి ఎర్రమట్టి గుంట, గోడవారన గుండ్లు, కర్లాకట్టెలు. చెప్పులు బయట విడవాలి, మట్టి ముట్టి నుదుట పెట్టుకుని గుంటలో దిగాలి. కట్టెలు అందరివీను. కానీ అన్నిటికంటే బరువైన జత మద్దయ్యదని అందరూ ఒప్పుకున్నదే. దాన్ని తిప్పే దమ్ము ఇన్నాళ్లూ ఎవడికీ లేదు. ఈ మధ్య ఒకడు దిగాడు. దావీదు.

ఎమ్మిగనూరు మగ్గాలవాడు. నూలు దొరక్క తన మగ్గం మూలపడితే ఆదోనికి వచ్చి, నేతవాళ్ల వీధిలో పడుగు నూలు పోగులకు గంజి పెట్టే కూలి పని చేసుకుంటున్నాడు. మనిషి మెత్తన. అందరికంటే ముందు వస్తాడు, అడగకుండానే గుంట తవ్వుతాడు, నీళ్లు చల్లుతాడు. ఊరికే ఇంత మంచిగా ఎవడుంటాడు? అదీగాక వాడు మిల్లు గేటు దగ్గర నిలబడి, "మద్దయ్యన్న గుంపులో ఎంతమంది? ఎవరైనా మానేస్తాండారా?" అని ఆరా తీశాడని మద్దయ్య చెవిన పడింది. ఇంక లెక్క కుదరనిదేముంది? భుజం విరగ్గొట్టు, చోటు ఖాళీ చేయించు, వచ్చి కూర్చో.

ఆ రోజు మద్దయ్య మిల్లు నుంచి పెందలాడే బయలుదేరి, తాలీం వెనక కిటికీ పక్కన నక్కాడు. లోపల నలుగురైదుగురు బస్కీలు తీస్తున్నారు. దావీదు బరువు జత దగ్గరికి వెళ్లాడు. అటూ ఇటూ చూశాడు. మూటలోంచి గుడ్డ తీసి, కడవలో ముంచి పిండి, పిడి మీద రుద్దడం మొదలుపెట్టాడు. ఆ జతకే. ఇంక దేన్నీ ముట్టలేదు.

మద్దయ్య చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి దూకి, వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"దొరికినావురా! ఏం పూస్తాండావు నా కట్టెలకి?"

"పూసేదేముందన్నా? తుడుస్తాండా."

"తుడిచేదానికి నావే కనపడినాయా నీకి? ఇన్ని కట్టెలుండాయి ఈడ!"

దావీదు తల వంచుకున్నాడు. "మిగతావి ఎవరివి వాళ్లు తుడిసి పెడతారు కదన్నా."

కొట్టంలో బస్కీలు ఆగిపోయాయి. ఎవడో కిసుక్కుమన్నాడు. మద్దయ్యకు అప్పుడు గుర్తొచ్చింది, తాను ఒక్కనాడూ పిడి తుడిచి పెట్టలేదని. తన జత తనదేనన్న ధీమా. పెద్దవాడని ఎవరూ చెప్పనూ లేదు.

మూలనుంచి ఉస్తాద్ చోటే సాబ్ లేచి వచ్చాడు. "నీ చెమట ఇన్నాళ్లూ నేనే తుడిసినాను మద్దయ్యా. ఈ దావీదు వచ్చినాక, ముసలోడివి నువ్వెందుకని నా చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు. ముందు ఆ చెప్పులు బయట పెట్టు."

మద్దయ్య చెప్పులు బయట పెట్టి వచ్చాడు. వచ్చినా తగ్గలేదు. "అట్లయితే ఈ జారుడేంది ఉస్తాద్? నా భుజం చూడు, ఎట్లా కమిలిందో!"

చోటే సాబ్ గుడ్డ అందుకుని వాసన చూశాడు, కొసను వేళ్లతో నలిపి చూశాడు. నవ్వు ఆపుకోలేక ఆయన గడ్డం అదరడం మొదలైంది. "అరే బేటా, ఇది పొద్దున పడుగుకు గంజి పెట్టిన గుడ్డేనా?"

"అదేనయ్యా. ఉండేది ఒకటే గుడ్డ. బాగా పిండినానే..."

"గంజిలో నూనె కలుపుతారా?"

"కలపకుంటే పోగు తెగుతాది కదయ్యా."

"ఇంకేం! మద్దయ్య కట్టెల్ని మగ్గానికి ఎక్కించొచ్చు!"

కొట్టమంతా ఘొల్లుమంది. దావీదు మాత్రం నవ్వలేదు. మద్దయ్య భుజం మీద కమిలిన చోటు చూసి వాడి మొహం తెల్లబోయింది. "నా వల్లనే తగిలిందా అన్నా? మా ఎమ్మిగనూరు తాలీంలో చెమట కట్టె అట్లే పెడితే వాతలు పెడతారు. ఆ అలవాటు. తప్పయిపోయింది."

"మరి గేటు కాడ నా గురించి ఆరా ఎందుకురా?"

"మీ గుంపులో చేర్చుకుంటారేమోనని. మిమ్మల్నే అడిగేదానికి నోరు రాలేదు."

అందరూ మద్దయ్య వైపు చూశారు. ముందు ఉస్తాద్ మనసు దోచుకున్నాడు, ఇప్పుడు పదిమందిలో నన్ను కాదనలేకుండా చేశాడు, గట్టివాడే అనుకున్నాడు మద్దయ్య. అయినా బరువు జత తిప్పే భుజం గుంపుకు దొరకడం కష్టం. తన భుజం మానేదాకా మొదటి మూట ఎవడో ఒకడు ఎత్తాలి. వాడు కళ్ల ఎదుట ఉంటేనే నయం.

"రేపు పొద్దున గేటు కాడికి రా. చూస్తా," అన్నాడు. "ఆ గుడ్డ మాత్రం ఇంట్లో పారేసి రా."

ఆ సాయంత్రం ఎడమచేత్తోనే కాసేపు తిప్పి, తలగుడ్డ విప్పి, పిడిని ఒత్తి ఒత్తి తుడిచాడు. ఎవరూ చూడనట్టే ఉన్నారు, అందరూ చూస్తూనే ఉన్నారు. కట్టెలు గోడకు చేర్చి బయటికి నడిచాడు.

చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఎందుకో వెనక్కి తిరిగాడు. చోటే సాబ్ గోడ దగ్గరికి వంగి, ఆ పిడి మీద వేలు రాసి, చెమట ఇంకా మిగిలిందేమోనని ఆ వేలిని దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.