సిరా అంటని కాగితం

పొద్దున్నే ఆ కచేరీ వాకిట్లో జనం వరస కడతారు. పెళ్లి కాగితాలు, పుట్టిన కాగితాలు, చదువు కాగితాలు పట్టుకుని నిలబడతారు. ఇక్కడి ముద్ర పడనిదే పరాయి దేశంలో ఏ కాగితమూ చెల్లదు. మెట్ల మీద ముసలి ఫౌజియా రెవెన్యూ స్టాంపులు అమ్ముతుంది, పక్కన ఫ్లాస్కులో టీ పెట్టుకుని.

వదాద్ తెచ్చేది మొగుడు నాజీ చావు కాగితం. చెక్‌పోస్టు దగ్గర సైనికులు అతన్ని బస్సులోంచి దింపి తీసుకుపోయారు. మళ్లీ కబురు లేదు. కూతురు శహద్‌కు చూపు తగ్గిపోతోంది. స్వీడన్‌లో ఉన్న వదాద్ అక్క అక్కడ వైద్యానికి ఏర్పాటు చేసింది. పిల్ల దేశం దాటాలంటే తండ్రి ఒప్పుకోలైనా కావాలి, తండ్రి పోయినట్టు రుజువైనా కావాలి. మరుదులే ఇద్దరు సాక్షుల్ని తెచ్చి, పేట పెద్ద చేత సంతకం పెట్టించారు. ఎలాగూ పోయే ఉంటాడు వదినా, అన్నారు.

మొదటిసారి గుమాస్తా అబూ గస్సాన్ ముద్ర వేస్తే సిరా అంటలేదు. కాలిన పెనం మీద నీళ్లలా చుక్కలు చుక్కలుగా దొర్లి రేకు బల్ల మీద టపటపా రాలింది. ఎవరూ వింతపడలేదు. బతికున్నవాడి చావు కాగితం మీద ఆ ముద్ర ఎప్పుడు నిలిచింది గనక. వెనకున్నామె వదాద్‌ను కావలించుకుంది. ఎవరో బక్లావా పంచారు. ఆ తీపి నోట్లో ఉండగానే వదాద్ ఏడ్చింది. ఆయన ఏ చెరలోనో ఊపిరితో ఉన్నాడు. పిల్ల కళ్లకు దారి మూసుకుపోయింది.

అప్పట్నించి నెలనెలా పిల్లను తీసుకుని వస్తోంది. ముద్ర పడాలని వస్తోందో, పడకూడదని వస్తోందో ఆమెకే తెలియదు. శహద్ మాత్రం బల్లకు చెవి ఆనించి, రాలే చుక్కలు విని నవ్వుతుంది.

"ఈ నెలా బతికే ఉన్నాడా మీ ఆయన?" అంటుంది ఫౌజియా, వాళ్లు మెట్లు దిగుతుంటే.

"ఉన్నాడు పిన్నీ."

"మొండిఘటం. మా ఆయన ఉత్త జలుబుకే పోయాడు."

ఈ చలికాలం శహద్ గోడలు తడుముకుంటూ నడుస్తోంది. కచేరీకి బయల్దేరేముందు చొక్కా గుండీలు దొరక్క, తెల్లారిందా అమ్మా, అని అడిగింది. కిటికీ నిండా ఎండ.

వరసలో నిలబడి వదాద్ మొదటిసారి మనసులో ఒక మాట అనుకుంది. ఇక చాలయ్యా నాజీ. పిల్లను పోనీ.

అబూ గస్సాన్ ముద్ర వేశాడు. నీలం రంగు గుండ్రంగా కాగితానికి పట్టుకుంది. వదాద్ బొటనవేలితో అంచు రుద్దింది. అలుక్కుంది గానీ పోలేదు.

"శహద్ వాళ్లమ్మా, ఊదు, ఆరుతుంది," అన్నాడతను తలెత్తకుండా.

శహద్ ఇంకా బల్లకు చెవి ఆనించే ఉంది.

"ఇంకా వెయ్యలేదా అమ్మా? చుక్కలు పడలేదేం?"

వదాద్ కాగితం నోటి దగ్గరకు తెచ్చుకుంది. ఊపిరి రాలేదు.