పెట్టె లోపలి పూత

పెద్దల్లుడి కడుపుమంట నిన్న గాక మొన్న పుట్టింది కాదు. మరదలి మొగుడిగా చిన్నల్లుడు ఆ ఇంట అడుగుపెట్టిన రోజునే అంటుకుంది. అప్పటిదాకా మామగారి చెక్కపని షాపులో ఆయన తరువాత తనే. పని నేర్చుకోవడానికి వచ్చి ఉలి పట్టి, చిత్రిక పట్టి, చివరికి పెద్దమ్మాయి చెయ్యి కూడా పట్టినవాడు. అలాంటివాడి పక్కకి, పడవలకి పూతలు వేసే చోట పనిచేసిన ఓ బక్కపలచటి మనిషి "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ వచ్చి చేరాడు. తోడల్లుళ్ళు అన్నదమ్ములతో సమానమంటారు. అనేవాళ్ళకేం, వాళ్ళకి తోడల్లుడు ఉండి ఉండడు.

పెద్దల్లుడి పనికి వంక పెట్టలేం. కాకపోతే అతనికో జబ్బుంది. పనిలో ఏ తేడా వచ్చినా అది ఇంకొకరి వల్లే వస్తుంది. తలుపు బిగుసుకుంటే చెక్క పచ్చిది. సొరుగు ఇరుక్కుంటే స్కేలు మంచిది కాదు. బల్ల ఊగితే ఆ ఇంటివాళ్ళ నేల ఎగుడుదిగుడు. ఒకసారి కుర్చీ విరిగి ఒకాయన కిందపడితే, ఆయన కూర్చునే తీరు సరిగ్గా లేదని తేల్చేశాడు. మామగారు వినేవాడు, గడ్డం గోక్కునేవాడు, ఏమీ అనేవాడు కాదు.

ఆ మామగారికి ఇప్పుడు మోకాళ్ళు మాట వినడం లేదు. "ఈ పళ్ళ డాక్టరుగారి పని అయ్యాక నేనిక కూర్చుంటాను. షాపు తాళాలు మీ ఇద్దరిలో ఒకరికిస్తా. రెండోవాడు అతని మాట వినాలి. ఇద్దరు పెత్తందార్లుంటే షాపు నడవదు" అని భోజనాల దగ్గర చెప్పేశాడు. తనకి కాక ఇంకెవరికిస్తాడులే అని పెద్దల్లుడి ధీమా. ఆ ధీమా అడుగున కాస్త భయం లేకపోలేదు.

డాక్టరుగారి పని అంటే చేపల తొట్టి పెట్టుకునే స్టాండు. నడుమెత్తు ప్లైవుడ్ పెట్టె. ముందు రెండు తలుపులు, వెనక పైపులు పోవడానికి బెజ్జాలు. పైన గాజుతొట్టి కూర్చుంటుంది, లోపల ఫిల్టరు ఉంటుంది. పెద్దల్లుడు పంతం పట్టి చేశాడు. మూలలు చూస్తే అతికించినట్టు లేదు, అలాగే మొలిచినట్టుంది. మామగారు చుట్టూ తిరిగి చూసి, "బాగుంది" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"బాగుంది కానీ, ఇలాంటి పెట్టెకి ప్రాణమంతా లోపలుంటుంది. చేపల తొట్టి అన్నాక చుక్కో బొట్టో కారక మానదు. ప్లైవుడ్ ఉబ్బి కాలు కదిలిందంటే తొట్టి చేపలతో సహా డాక్టరుగారి ఒళ్ళో పడుతుంది. లోపలి పని చిన్నల్లుడు చేస్తాడు. నీళ్ళ సంగతి అతనికి తెలుసు."

ఆ "కానీ" దగ్గరే పెద్దల్లుడి ఒళ్ళు మండిపోయింది. పెట్టె తనది, పేరు వాడిదా?

చిన్నల్లుడు తల పెట్టెలో దూర్చి పని మొదలుపెట్టాడు. గరుకు కాగితంతో లోపలంతా రుద్దాడు. మేకుల గుంటల్లో పుట్టీ నింపాడు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరబెట్టాడు. టీ తెచ్చిన పెద్దమ్మాయి అక్కడే నిలబడిపోయింది.

"ఎంత శ్రద్ధో చూడండి. బెజ్జాల అంచులు కూడా వదలడం లేదు" అంది మొగుడితో.

"నేను చేసిన మూలలు చూశావా?"

"మీవి రోజూ చూసేవేగా."

పుండు మీద కారం చల్లినట్టయింది. టీ చల్లారిపోయేదాకా ఆ గ్లాసు అతని చేతిలోనే ఉంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. పెద్దల్లుడు ఆకలి లేదని షాపులోనే ఉండిపోయాడు. సొరుగులు సాఫీగా జారడానికి రుద్దే మైనం ముద్ద కిటికీలో ఉంటుంది. అది తీసుకుని పెట్టె అడుగునా మూలల్లోనూ పట్టి పట్టి రుద్దాడు. తరువాత పాత గుడ్డతో, కంటికి కనబడకుండా పోయేదాకా తుడిచాడు. మైనం కూడా నీళ్ళని ఆపేదే కదా, ఒకరకంగా వాడికి సాయమే చేస్తున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. మైనం మీద ఏ పూతా నిలవదని మాత్రం అతనికి బాగా తెలుసు.

చిన్నల్లుడు వచ్చి నీళ్ళు చొరనివ్వని ఎపాక్సీ పూత రెండు డబ్బాల్లోంచి కలిపి పూయడం మొదలుపెట్టాడు. ఒక మూల పూత కాస్త ముడుచుకున్నట్టయితే, తల వంచి అటే చూసి, బ్రష్షుతో మళ్ళీ సర్దాడు. అది ఆరాక ఇంకో పూత. ఆ పైన మూలలన్నింటికీ సిలికాన్ జిగురు. అంతా అయ్యాక లోపల గాజు పరిచినట్టు మెరిసింది. కొంపదీసి నిలిచిపోతుందా ఏమిటని పెద్దల్లుడికి గుబులు పట్టుకుంది. బాగా ఆరాలని తలుపులు తెరిచి ఉంచిన రోజులన్నీ, అటు వెళ్ళినప్పుడల్లా పెట్టెలోకి తొంగి చూశాడు.

మామగారికి ఒక పద్ధతుంది. నీళ్ళ దగ్గర ఉండే పెట్టె ఏదైనా బయటికి పంపేముందు లోపల ఒక చెంబుడు నీళ్ళు పోసి, తీరిగ్గా టీ తాగి, అప్పుడు చెయ్యి పెట్టి చూస్తాడు. ఆ రోజూ అంతే. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. నీళ్ళు తుడిచి, మూలలో గోరుతో గీరాడు. పాల మీద మీగడలా పూత పొరగా లేచి వచ్చేసింది. కింద ప్లైవుడ్ తడిసి నల్లబడింది.

చిన్నల్లుడు ఆ పొర అందుకుని, అడుగువైపు వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరువాత ఒక్క క్షణం పెద్దల్లుడి వైపు చూశాడు. పడవల పూత చెక్కకి పనికిరాదని నేను ముందే అనుకున్నా, అనే మాట పెద్దల్లుడి నాలుక మీద సిద్ధంగా ఉంది.

"తప్పు నాదే మావయ్యా. పూసే ముందు ఇంకోసారి తుడుచుకోవాల్సింది. మళ్ళీ చేస్తాను" అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు లోలోపల గంతేశాడు. మామగారు గడ్డం గోక్కుని, జేబులోంచి తాళాల గుత్తి తీసి, చిన్నల్లుడి చేతిలో పెట్టాడు.

"పెట్టెదేముంది, గీకి మళ్ళీ పూస్తే సరి. ఈ షాపులో తప్పు నాదీ అనే మాట విని ఎన్నాళ్ళయిందో. ఆ మాట అనగలిగినవాడి దగ్గర తాళాలుంటే నాకు నిద్ర పడుతుంది."

పెద్దల్లుడు ఆ తాళాల వైపే చూశాడు. ఆ తప్పు తనది. రుద్దింది తను, చేతులు నొప్పి పుట్టేలా కష్టపడింది తను. ఆఖరికి తన సొంత తప్పుని కూడా వీడే ఎగరేసుకుపోయాడు.

"మావయ్యా, తప్పు నాది. మైనం రుద్దింది నేను" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

మామగారు తెల్లబోయి చూశాడు. తరువాత తల అడ్డంగా ఊపాడు. "తాళాలు చేజారేసరికి నీకు తప్పులు కూడా పుట్టుకొస్తున్నాయా? ఇంత ఓర్వలేనితనం ఏమిటయ్యా?"

"నిజం మావయ్యా. కావాలంటే వాసన చూడండి."

"నా ముక్కు వార్నిషుకి ఎప్పుడో బలైపోయింది."

"ఊరుకోండి, పరువు తీయకండి" అని పెద్దమ్మాయి అతని చొక్కా పట్టుకుని లాగింది. ఆమె మొహం కందిపోయి ఉంది.

"పోనీ, అతన్నే అడగండి" అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు వదిన మొహం చూశాడు, తాళాల వైపు చూసుకున్నాడు. "అన్నయ్య నన్ను వెనకేసుకొస్తున్నారు మావయ్యా" అన్నాడు మెత్తగా.

అందరూ లోపలికి వెళ్ళిపోయారు. తోడల్లుళ్ళిద్దరూ చెరో పక్క మోకాళ్ళ మీద కూర్చుని, తలలు పెట్టెలో పెట్టి గీకడం మొదలుపెట్టారు. పూత కింద నుంచి మైనం సన్నటి ఉండలుగా రాలింది. పెద్దల్లుడు ఆత్రంగా వాటిని అరచేతిలో పోగుచేసుకున్నాడు. మామగారికి చూపిద్దామని లేవబోయాడు. చిన్నల్లుడు ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, ఉండలన్నీ గుడ్డలోకి దులిపి మూటకట్టి చెత్తడబ్బాలో వేశాడు.

"ఎవరికీ తెలియదులే అన్నయ్యా. మీరేం కంగారుపడకండి" అన్నాడు.

పెద్దల్లుడికి అతని పీక పిసికేయాలనిపించింది.